గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఐపీఎస్ స్క్రీన్: వేయాలా, పాతదే ఉంచాలా?

మైలాపూర్_8బిట్
నా దగ్గర 2001 మోడల్ గేమ్‌బాయ్ అడ్వాన్స్ (నింటెండో వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే గేమ్) ఉంది, పనిచేస్తోంది. స్క్రీన్ వెనక లైటు లేదు కదా, ట్యూబ్‌లైట్ నేరుగా పడితే తప్ప బొమ్మ కనబడదు. ఐపీఎస్ కిట్ (వెనక లైటున్న కొత్త రకం ఎల్‌సీడీ స్క్రీన్) వేద్దామంటే ఒరిజినల్ పాడవుతుందని కొందరంటున్నారు. ఛార్జింగ్ బ్యాటరీ కూడా పెట్టాలని ఉంది. ఏమంటారు?

టంకంపని
నిస్సందేహంగా వేయండి. పాత స్క్రీన్ 240×160 చుక్కలు. ఇప్పటి కిట్‌లలో 720×480 ప్యానెల్ వస్తుంది, అంటే ఒక్కో చుక్క అడ్డంగా, నిలువుగా సరిగ్గా మూడింతలవుతుంది, అంచులు మసకబారవు. బోర్డు మీద ఏదీ కోయక్కర్లేదు. పాత స్క్రీన్ తీసి దాచుకుంటే మళ్ళీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కోయాల్సింది షెల్ (పై ప్లాస్టిక్ డొప్ప) లోపలి గట్లు మాత్రమే. అందుకే ఒరిజినల్ షెల్ ముట్టుకోకుండా ఐపీఎస్ కోసమే తయారైన షెల్ కొనండి. స్క్రీన్‌ని బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్ 40 పిన్నులా 32 పిన్నులా అన్నది బోర్డును బట్టి ఉంటుంది, విప్పి చూసి ఆర్డర్ పెట్టండి. మూడు అంచుల స్క్రూడ్రైవర్ కావాలి, మామూలు ప్లస్‌తో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది.

పాతబొమ్మ
నేను ఒప్పుకోనండి. కొన్ని ఆటల్లో నీడల్ని ఒక ఫ్రేమ్‌లో చూపి, తర్వాతి ఫ్రేమ్‌లో దాస్తారు. పాత ఎల్‌సీడీ నెమ్మది కాబట్టి ఆ రెండూ కలిసిపోయి నీడ పారదర్శకంగా కనిపించేది. ఐపీఎస్ మీద అదే నీడ రెపరెపలాడుతుంది. రంగులూ అంతే. చీకటి స్క్రీన్‌ని లెక్కలో పెట్టుకుని చాలా ఆటల్లో రంగులు కావాలని పెంచి వేశారు. వెనక లైటు పడితే అవి వెలిసిపోయినట్టుంటాయి.

టంకంపని
రెపరెపల మాట నిజమే. కానీ అసలు కనబడని బొమ్మకన్నా అది నయం.

వోల్ట్‌మీటర్
స్క్రీన్ ఏదైనా ముందు కరెంటు సంగతి చూడండి. ఐపీఎస్ లైటు పాత స్క్రీన్ కన్నా ఎక్కువ లాగుతుంది. బ్రైట్‌నెస్ పెంచగానే రీస్టార్ట్ అవుతోందన్నా, కొత్త సెల్స్ వేసినా పచ్చ లైటు ఎర్రగా మారుతోందన్నా చాలాసార్లు తప్పు కిట్‌ది కాదు, ఆన్-ఆఫ్ స్విచ్‌ది. చెన్నై ఉప్పుగాలికి, తేమకి లోపలి రాగి నల్లబడుతుంది. ఆటను ఆన్‌లో ఉంచి బ్యాటరీ తీగల దగ్గర ఒకసారి, స్విచ్ దాటాక ఒకసారి వోల్టేజ్ కొలవండి. తేడా 0.1 వోల్టు దాటితే స్విచ్ శుభ్రం చేయాల్సిందే. సెల్స్ తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, స్విచ్‌ని పాతికసార్లు అటూ ఇటూ జరిపి, ఆరనివ్వండి. తేడా తగ్గకపోతే స్విచ్ ఊడదీసి లోపలి కాంటాక్ట్ గీకాలి. నూనె స్ప్రేలు మాత్రం వద్దు, దుమ్ము పట్టి మొదటికొస్తుంది.

మైలాపూర్_8బిట్
బ్యాటరీకి ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే టీపీ4056 బోర్డు (లిథియం సెల్‌ని ఛార్జ్ చేసేది) చాలా?

వోల్ట్‌మీటర్
అలాగే బిగిస్తే ప్రమాదం. అందులో 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది కాబట్టి 1 ఆంపియర్‌తో ఛార్జ్ చేస్తుంది. 1000 ఎంఏహెచ్ సెల్‌కి అది ఎక్కువే. 2 కిలో ఓమ్ వేస్తే దాదాపు 580 మిల్లీఆంపియర్లకు దిగుతుంది. డీడబ్ల్యూ01 రక్షణ చిప్ ఉన్న బోర్డే తీసుకోండి. ఇంకొకటి, నిండిన లిథియం సెల్ 4.2 వోల్టులు, రెండు కొత్త ఆల్కలైన్లు కలిపితే 3.2 దగ్గర. కాబట్టి మధ్యలో 3 వోల్టులకు దించే రెగ్యులేటర్ పెట్టాలి. అది పెట్టాక ఎప్పుడూ 3 వోల్టులే అందుతాయి కాబట్టి బ్యాటరీ అయిపోతోందని చెప్పే ఎర్రలైటు మీద నమ్మకం పెట్టుకోవద్దు. టైప్-సీ బోర్డులో 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు లేకపోతే రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ ఎక్కదు. ఇంత తలనొప్పికన్నా మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్స్ మేలు. లైటు కాస్త ముందే ఎర్రబడుతుంది, అంతే.

టంకంపని
అడ్వాన్స్ కోసమే చేసిన లిథియం కిట్‌లలో ఇవన్నీ సరిచేసే ఇస్తారు. దానికి భయపడక్కర్లేదు.

వోల్ట్‌మీటర్
ఆరు నెలలు బీరువాలో పెట్టేస్తే ఉబ్బేది ఆ కిట్‌లోని సెల్లే. ఏఏ అయితే తీసి పక్కన పెట్టొచ్చు.

పాతబొమ్మ
మళ్ళీ పెట్టుకోవచ్చు అన్నారు కదా టంకంపని గారూ, అది రిబ్బన్ సాకెట్ నిలిచినంతవరకే. ఇరవై ఏళ్ళు దాటిన ప్లాస్టిక్ అది. దాని తాళాన్ని రెండు కొసలా సమంగా, ఒక్క మిల్లీమీటరు మేర బయటికి లాగాలి. ఒక పక్కే లాగితే విరుగుతుంది. విరిగాక కొత్త స్క్రీనూ సరిగా నిలవదు, పాతదీ నిలవదు.