వాడిన మినీ ఎక్స్‌కవేటరు: తోట పనికీ, అద్దెకూ కలిపి కొనడం లెక్కకు వస్తుందా?

ఆనందపురం తోట:

అందరికీ నమస్కారం. విశాఖపట్నం దగ్గర ఆనందపురం మండలంలో మాకు ఎకరం ఇరవై సెంట్ల తోట ఉంది. సగం జీడిమామిడి, పదిహేను మామిడి చెట్లు, మిగిలినది ఎగుడుదిగుడుగా పడి ఉన్న గరువు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో కూలిన చెట్ల మోడులు కొన్ని ఇప్పటికీ నేలలోనే ఉన్నాయి. వాటిని పెకలించాలి, వాన నీరు నిలిచేచోట కాలువ తీయాలి, కొబ్బరి మొక్కలకు మీటరు లోతు గుంతలు నలభై వరకు తవ్వాలి, గట్టు వేయాలి.

ఈ పనుల కోసం ఇప్పటికి రెండుసార్లు జేసీబీని అద్దెకు పిలిచాను. అది తిరగడానికి చోటు చాలక రెండు మామిడి కొమ్మలు విరిగాయి, చక్రాల కింద నేల గట్టిపడిపోయింది. అందుకని చిన్న యంత్రం ఒకటి సొంతంగా కొని, మా పని అయ్యాక మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వైపు ఇళ్ల నిర్మాణాలకు అద్దెకు తిప్పితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. ఈ మధ్యే పదవీ విరమణ చేశాను కనుక నాలుగు లక్షల వరకు చేతి నుంచి పెట్టగలను, మిగిలినది అప్పు తేవాలి. మా మేనల్లుడు నాలుగేళ్లుగా బ్యాక్‌హో (జేసీబీ తరహా యంత్రం) నడుపుతున్నాడు.

నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, సుమారు 1.7 టన్నుల మినీ ఎక్స్‌కవేటరు, చక్రాలకు బదులు రబ్బరు ట్రాకులు, మీటరులో 2,900 గంటలు, తొమ్మిది లక్షలు అడుగుతున్నారు. రెండవది, పదేళ్లు దాటిన బ్యాక్‌హో లోడరు, పన్నెండు లక్షలు. మూడవది, 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు, రోటవేటరుతో కలిపి మూడున్నర లక్షలు. నా మనసు మొదటిదాని మీదే ఉంది. అనుభవం ఉన్నవారు మంచిచెడ్డలు చెప్పగలరని మనవి.

పెందుర్తి అద్దె యంత్రాలు:

మీ తోట పని సంగతి ముందు పక్కన పెట్టండి. మీరు రాసిన పనులన్నీ కలిపినా మొదటి సంవత్సరం అరవై, డెబ్బై గంటలకు మించవు, తరువాత ఏటా ఇరవై గంటలు కూడా రావు. ఆ మాత్రానికి తొమ్మిది లక్షలు పెట్టడం పెళ్లికి అద్దెకు తెచ్చుకునే వంటపాత్రలను కొని ఇంట్లో పెట్టుకోవడమే. కాబట్టి ఇది తోట కోసం కొనే యంత్రం కాదు, అద్దె వ్యాపారం కోసం కొనే యంత్రం. తోట పని దానికి దొరికే కొసరు మాత్రమే.

నేను ఒక బ్యాక్‌హోను, ఒక మినీని తిప్పుతున్నాను కనుక నా లెక్కనే మీ అంకెలకు వేసి చూపిస్తాను. ఐదు లక్షల అప్పును 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలవాయిదా 17,000 రూపాయలు దాటుతుంది. ఆపరేటరు జీతం 20,000 అనుకోండి. మేనల్లుడే కదా అని ఆ గడి ఖాళీగా వదలకండి. రేపు అతనికి మరోచోట ఉద్యోగం వస్తే మీరు బయటివారికి ఇవ్వాల్సింది అంతే. బీమా, చిన్నచిన్న ఖర్చులు కలిపి నెలకు రెండు వేలు. అంటే యంత్రం కదిలినా కదలకపోయినా నెలకు 39,000. ఇక గంటకు 900 అద్దె వస్తుందనుకుంటే, రెండున్నర లీటర్ల డీజిలుకు సుమారు 250 పోతుంది, ట్రాకులు, పిన్నులు, హోసు పైపులు, నూనెల కోసం 150 పక్కన పెట్టాలి. మిగిలేది ఐదు వందలు. 39,000 పూడాలంటే నెలకు 78 గంటలు బిల్లు కావాలి. రోజుకు ఐదు గంటల చొప్పున పదహారు రోజులు.

ఎండాకాలంలో ఇది కష్టం కాదు. కానీ జూన్ నుంచి మొదలుపెట్టి అక్టోబరు, నవంబరు తుపానుల దాకా మన దగ్గర పని తరచుగా ఆగిపోతుంది, వాయిదా మాత్రం ఆగదు. నా మొదటి సంవత్సరంలో ఆగస్టు నెలంతా కలిపి 31 గంటలే తిరిగింది. ఆ నెల వాయిదాను ఇంట్లో బంగారం కుదువపెట్టి కట్టాను.

మినీ విషయంలో కొత్తవారు మరిచిపోయేది రవాణా. జేసీబీ తన చక్రాల మీద తానే వెళ్తుంది. మినీని మాత్రం ఎవరో మోయాలి. డీజిల్ టాటా ఏస్ మోయగలిగేది టన్నులోపే కనుక దాని మీద 1.7 టన్నుల యంత్రాన్ని ఎక్కించే సాహసం చేయవద్దు. రెండు టన్నుల పికప్ గాని, చిన్న ఐషర్ లారీ గాని, దానితోపాటు గట్టి ర్యాంపులూ లేకపోతే పని లేదు. అందుకే నేను నాలుగు గంటల కనీస అద్దె, రానుపోను లారీ కిరాయి వేరుగా అని ముందే చెప్పి ఒప్పుకుంటాను. రెండు గంటల పనికి సబ్బవరం దాకా వెళ్లి వస్తే లాభమంతా లారీవాడిదే అవుతుంది.

అలాగని మినీకి గిరాకీ లేదని కాదు. ఎంవీపీ కాలనీ వంటి చోట్ల ఇంటి వెనుక సంపు, సెప్టిక్ ట్యాంకు తవ్వాలంటే ఏడు అడుగులు దాటిన వెడల్పు, ఏడు టన్నులు మించిన బరువు ఉన్న బ్యాక్‌హో లోపలికి పోదు. ఈ తరగతి మినీల్లో కొన్ని తమ ట్రాకులను దగ్గరకు ముడుచుకుని మీటరు వెడల్పు గేటులోంచి దూరిపోతాయి. మీరు గంటకు 900 అడగగలిగేది ఆ సందుల్లోనే. బయలు స్థలంలో జేసీబీతో పోటీ పడితే అది గంటలో చేసే పనిని మీరు నాలుగు గంటలు చేయాలి.

ఆటోనగర్ హైడ్రాలిక్స్:

పైన చెప్పిన లెక్క సరైనదే, కానీ అది యంత్రం ఆరోగ్యంగా ఉందన్న నమ్మకం మీద నిలబడిన లెక్క. గాజువాక ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా ఈ యంత్రాల పంపులు, సిలిండర్లు విప్పుతున్నాను. 2,900 గంటలన్న మాటను పక్కన పెట్టండి. మీటరును మార్చడం పెద్ద విద్య కాదు. పెడళ్ల మీద రబ్బరు, లివర్ల పిడులు, సీటు, బకెట్టు పిన్నుల వదులు, ఇవన్నీ ఒకే కథ చెబుతున్నాయా అన్నది చూడండి. మీటరు 2,900 అంటూ ఉంటే లివర్ పిడి నున్నగా అరిగి ఉందనుకోండి, పిడి మాటనే నమ్మండి.

చూడటానికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి, ఇంజను స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి చెప్పండి. వెళ్లగానే ముందు ఇంజను మీద చేయి పెట్టి చూడండి. చల్లని ఇంజను మొదటి ప్రయత్నంలో ఎలా అందుకుంటుంది, ఏ రంగు పొగ వస్తుంది, అది ఎంతసేపటికి తగ్గుతుంది అన్నవి వేడెక్కిన ఇంజనులో దాక్కుంటాయి. నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే పిస్టన్ రింగుల పని దగ్గరపడినట్లే.

తరువాత హైడ్రాలిక్స్. అరగంట పని చేయించి నూనె వేడెక్కాక, బకెట్టు నిండా మట్టితో బూమ్‌ను, అంటే యంత్రం పొడవాటి చేతిని, పైకెత్తి ఇంజను ఆపేసి, బకెట్టు కింద ఎవరూ నిలబడకుండా దూరం నుంచి పది నిమిషాలు చూడండి. బూమ్ కళ్లముందే దిగిపోతుంటే సిలిండరు సీళ్లో, కంట్రోల్ వాల్వో కారుతున్నాయి. ట్రాకులను నడిపే రెండు ట్రావెల్ లివర్లను ఒకేసారి పూర్తిగా తోసి యంత్రాన్ని తిన్నగా నడపండి. ఒక పక్కకు లాగుతుంటే ఆ వైపు ట్రావెల్ మోటారు గాని, పంపు గాని బలహీనపడి ఉంటుంది. సీళ్ల కిట్టు వేలల్లో పోతుంది, పంపు లక్షను అడగవచ్చు. నూనె పాలు కలిపినట్లు తెల్లగా ఉంటే అందులో నీరు చేరిందని అర్థం. అలాంటి దానికి బేరం ఆడకుండా తిరిగి వచ్చేయండి.

బకెట్టును నేలకు నొక్కి యంత్రాన్ని కొంచెం పైకి లేపి, పై భాగానికి, ట్రాకుల చట్రానికి మధ్య కదలిక ఉందేమో చూడండి. అక్కడున్న పెద్ద బేరింగు వదులైతే చిన్న యంత్రానికి అది పెద్ద ఖర్చు. ట్రాకును తిప్పే స్ప్రాకెట్ చక్రం పళ్లు సూదుల్లా మొనదేలినా, రబ్బరు ట్రాకు పగుళ్లలోంచి లోపలి ఉక్కు తీగలు కనబడుతున్నా, కొత్త ట్రాకుల ఖరీదును అడిగిన ధరలోంచి తీసేసి మాట్లాడండి.

మన ఊరికే ప్రత్యేకమైనది ఉప్పుగాలి. భీమిలి, రుషికొండ వైపు ఆరుబయట నిలిపిన యంత్రాల సిలిండరు కడ్డీల మీద సన్నని తుప్పు గుంటలు పడతాయి. పైకి చిన్నవిగానే కనబడతాయి, కానీ కడ్డీ లోపలికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ సీలును చెక్కుతూ ఉంటాయి. కొత్త రంగు వేసి అమ్మకానికి పెట్టిన యంత్రమైతే రంగు మీద చూపు వదిలి కడ్డీల మీద వేలు రాసి చూడండి. బూమ్ మొదలు దగ్గర, బకెట్టు చెవుల దగ్గర వెల్డింగ్ అతుకుల కోసం కూడా వెతకండి. బ్రేకరు కట్టి రాయి కొట్టిన యంత్రాలు అక్కడే పగులుతాయి. మన కొండవాలుల్లో పైన ఎర్రమట్టి మెత్తగా ఉన్నా, నాలుగడుగులు దిగితే ఖోండలైట్ రాయి తగిలే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ 1.7 టన్నుల యంత్రాన్ని బలవంతపెట్టినవారే తరువాత నా దగ్గరకు వస్తారు.

ఒక మేలు కూడా చెప్పాలి. 50 హార్స్‌పవర్ లోపు యంత్రాలకు 2021 ఏప్రిల్‌లో వచ్చిన నాలుగో దశ ఉద్గార నిబంధనలు వర్తించలేదు. ఐదో దశ నిబంధనలు 2025 జనవరి నుంచి వచ్చాయి. అందుచేత దానికి ముందు తయారైన చిన్న యంత్రాల్లో చాలావరకు మెకానికల్ పంపు ఉన్న మామూలు డీజిలు ఇంజన్లే ఉన్నాయి, వాటిని లాప్‌టాప్ లేకుండా బాగుచేయవచ్చు. పాతది కొనడానికి ఇది మంచి కారణం.

తగరపువలస రైతు:

మూడో దారిని ఎవరూ పట్టించుకోలేదు. ట్రాక్టరుతో కాలువ లోతుగా తవ్వలేరు, మోడు పెకలించలేరు, నిజమే. అయితే గుంతలు తీసే ఆగరును వెనుక బిగిస్తే నలభై కొబ్బరి గుంతలకు దారి పడుతుంది. వెడల్పు మాత్రం మనుషులు సరిచేయాలి. గరువు చదునుకు రోటవేటరు చాలు. అద్దె తక్కువే వచ్చినా అప్పు అక్కరలేదు. నాకైతే రాత్రి నిద్ర పట్టడం ముఖ్యం.

కాగితాల మనిషి:

యంత్రం చూసే ముందు కాగితాలు చూడటం నా అలవాటు. బ్యాక్‌హో లోడరుకు రవాణా శాఖ రిజిస్ట్రేషన్ ఉంటుంది కనుక ఫారం 29, 30లతో పేరు మార్చుకోవచ్చు, ఆర్సీలో అప్పు నమోదై ఉంటే అది తీరాక ఫారం 35తో ఆ నమోదును తీయించుకోవచ్చు. ఒడిశా నుంచి వచ్చిన బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ట్రాకుల మీద నడిచే యంత్రాల్లో చాలావాటికి ఆర్సీ ఉండదు. యాజమాన్యానికి రుజువు మొదటి కొనుగోలు ఇన్‌వాయిసు, అప్పు ముగిసినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చిన పత్రం, యంత్రం మీద చెక్కిన సీరియల్ నంబరు, ఇవే. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. జపాన్ నుంచి పాతదిగా దిగుమతైన యంత్రమైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) అడగండి, అలాంటి నమూనాలకు విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయో లేదో ముందే విచారించండి. మా బంధువు ఒకరు ఒక మధ్యవర్తి మాట మీద ఇన్‌వాయిసు లేకుండా కొన్నారు. ఆరు నెలలకు ఫైనాన్సు వాళ్లు వచ్చి లారీ ఎక్కించుకుని వెళ్లిపోయారు.

బీమాలో కాంట్రాక్టర్స్ ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ అని అడగండి. లారీ మీద ఉన్నప్పుడు జరిగే నష్టం అందులో ఉందో లేదో చదివి సంతకం పెట్టండి. అద్దె రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, పెద్ద కాంట్రాక్టర్లు అద్దెలో 2 శాతం టీడీఎస్ కోసుకుని ఇవ్వవచ్చు.

మేనల్లుడికి రెండు మాటలు గట్టిగా చెప్పండి. అనుమతి లేని గ్రావెల్ తవ్వకానికి ఎంత అద్దె ఇస్తామన్నా వెళ్లకూడదు. 1957 నాటి గనుల చట్టం ప్రకారం అలాంటి చోట దొరికిన యంత్రాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కలైతే ఆలోచనే వద్దు. రెండవది, హుద్‌హుద్ తరువాత నగరంలో చాలాచోట్ల విద్యుత్తు తీగలను భూమి కిందికి మార్చారు. రోడ్డు అంచున బకెట్టు దించే ముందు అక్కడ ఏముందో కనుక్కోవాలి. ఇందుకోసమే కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ తెచ్చింది.

ఆనందపురం తోట:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఉదయం ఎనిమిదింటికి మినీని చూడటానికి వెళ్లాను. వస్తున్నానని, స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పినా, వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంది. ‘పక్కకు జరపడానికి తీశాం’ అన్నారు. బూమ్ పది నిమిషాల్లో రెండు అంగుళాల వరకు దిగింది. ఇన్‌వాయిసు నకలు చూపించారు, కానీ అందులోని సీరియల్ నంబరు చివరి అంకె చెరిగిపోయి ఉంది. అసలు పత్రం ఫైనాన్సు కంపెనీలో ఉందన్నారు. ఏడున్నర లక్షలకు ఇస్తామని వారే అన్నారు. నాకు ఆశ కలిగిందని ఒప్పుకుంటున్నాను.

పెందుర్తి వారి లెక్కను మేనల్లుడితో కూర్చుని మళ్లీ వేశాను. జీతం వద్దని వాడు పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు. ఇప్పటికి తోట పనికి మినీని నాలుగు రోజులు అద్దెకు తెచ్చి, వాడి చేతనే నడిపించి, ఈలోగా మధురవాడలో తెలిసిన ముగ్గురు మేస్త్రీల దగ్గర వచ్చే మూడు నెలల్లో సందుల్లోని పనులు ఎన్ని ఉన్నాయో రాసుకుందామని నిర్ణయించాం. పెందుర్తి వారు ఒప్పుకుంటే వారి యంత్రాన్నే అడుగుతాను.

పెందుర్తి అద్దె యంత్రాలు:

తప్పకుండా ఇస్తాను. వచ్చే మంగళవారం నుంచి ఖాళీగా ఉంటుంది. లారీ కిరాయి మాత్రం వేరు.

ఆటోనగర్ హైడ్రాలిక్స్:

ఆ ఏడున్నర లక్షల యంత్రం సీరియల్ నంబరు ఇన్‌వాయిసు మీదే కాక చట్రం మీద కూడా చెక్కి ఉంటుంది. మళ్లీ అటు వెళ్తే, ఈసారి ఫోన్ చేయకుండా ఉదయం ఆరున్నరకు వెళ్లండి.