వెయిట్‌లిస్టులో పెట్టారు: మేము ఆశ పెట్టుకోవాలా, వదులుకోవాలా?

ప్రశ్న
ఫ్రిస్కో, టెక్సస్ నుండి ఒక అమ్మ, ఏప్రిల్ 11

అందరికీ నమస్కారం. మా అమ్మాయి హైస్కూలు చివరి సంవత్సరంలో ఉంది. తొమ్మిదో తరగతి నుండి ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం మీదే మనసు పెట్టుకుంది. మార్చి చివరి వారంలో ఫలితం వచ్చింది. చేర్చుకుంటున్నామని రాయలేదు, వీలుకాదనీ రాయలేదు. వెయిట్‌లిస్టులో ఉంచామని, అందులో కొనసాగదలిస్తే పోర్టల్‌లో ఆ మాట తెలియజేయాలని రాశారు. అది చదివి ల్యాప్‌టాప్ మూసేసి, "లేదని చెప్పేసినా బాగుండేదమ్మా, ఏడ్చి ఊరుకునేదాన్ని" అన్నది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

అప్పటి నుండి పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఫోనులో పోర్టల్ తెరిచి చూస్తోంది. మొన్న పెసరట్టు వేసి ముందు పెడితే, ఒక చేత్తో ముక్క తుంచి, రెండో చేత్తో ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆ ముక్క నోటి దాకా వెళ్ళలేదు. యూటీ డాలస్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, డాలస్) కంప్యూటర్ సైన్స్ సీటు, దానితోపాటు మంచి మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చాయి. ఆ కబురు వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరమూ నోరు తీపి చేసుకోలేదు. తలచుకుంటే ఇప్పుడు నాకే తప్పు చేసినట్టు ఉంది.

మావారు ఎంసెట్ రాసి, ర్యాంకు పట్టుకుని కౌన్సెలింగుకు వెళ్ళి సీటు తెచ్చుకున్న మనిషి. "జాబితా అన్నాక నంబరు ఉంటుంది కదా, ఫోను చేసి మనది ఎన్నోదో కనుక్కుందాం" అంటారు. ఆ విశ్వవిద్యాలయంలో చదివిన తెలిసినవారి చేత ఉత్తరం రాయిద్దామని, డబ్బు తీసుకుని ఇలాంటివి చూసిపెట్టే కన్సల్టెంటును పెట్టుకుందామని కూడా అంటున్నారు. గుంటూరు నుండి మా అమ్మ ప్రతి వీడియో కాల్‌లోనూ "మనవరాలి సీటు సంగతి ఏమైంది?" అని అడుగుతుంది; ఆ గొంతు వినగానే పిల్ల తన గది తలుపు మూసుకుంటుంది.

మేము ఆశ పెట్టుకోవాలా, వదులుకోవాలా? సీటు ఖాయం చేసుకునే గడువు మే 1 కదా, ఆలోపు మరో చోట డబ్బు కడితే ఇక్కడి అవకాశం పోతుందా? ఈ రెండు మూడు నెలలు పిల్లతో ఎలా మసలుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1
ఎడిసన్, న్యూజెర్సీ నుండి ఒక నాన్న, ఏప్రిల్ 11

నమస్కారమమ్మా. రెండేళ్ళ క్రితం మా అబ్బాయి విషయంలో మేమూ ఈ దారినే నడిచాం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. మీవారి ఆలోచన నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే నేనూ మొదట అలాగే అనుకున్నాను. వెయిటింగ్ లిస్టు అనగానే మనకు రైలు టికెట్టు గుర్తుకొస్తుంది. నలభైలో ఉన్నది పన్నెండుకు దిగుతుంది, తరువాత ఆర్‌ఏసీ అవుతుంది, చార్టు తయారయ్యేసరికి బెర్తు దొరుకుతుంది. ఇక్కడి జాబితా అటువంటి వరస కాదు. చాలా విశ్వవిద్యాలయాలు ఇందులోని పిల్లలకు నంబర్లు ఇవ్వవు. మే 1 దాటాక, తాము పిలిచినవారిలో ఎంతమంది డబ్బు కట్టారో చూసుకుంటాయి. అనుకున్నదానికంటే తగ్గితే, ఎక్కడ వెలితి ఉందో అక్కడికి సరిపోయేవారిని ఏరుకుంటాయి. ఇంజనీరింగ్ నిండిపోయి చరిత్ర విభాగంలో ఖాళీలు మిగలవచ్చు. ఏదో ఒక రాష్ట్రం నుండి ఎవరూ చేరకపోవచ్చు. ఆర్కెస్ట్రాలో ఒక వాద్యానికి మనిషి లేకపోవచ్చు. అందుచేత ఫోను చేసి "మాది ఎన్నో నంబరు" అని అడిగితే చెప్పడానికి వారి దగ్గర కూడా జవాబు ఉండదు.

ఎంతమందిని తీసుకుంటారన్నది ఏ ఏటికి ఆ ఏడు మారిపోతుంది. స్టాన్‌ఫర్డ్ 2019లో ఈ జాబితా నుండి 8 మందిని తీసుకుంది. కోవిడ్ వచ్చిన 2020లో 259 మందిని తీసుకుంది. ఒక్క ఏడాదిలో పిల్లల ప్రతిభ ముప్పై రెట్లు పెరగలేదు కదా. ఎవరు చేరతారో, ఎవరు ఆగిపోతారో ఆ వేసవిలో ఎవరికీ అంతుపట్టలేదు, అంతే. మీ అమ్మాయి కోరుకున్న చోటి పాత లెక్కలు కావాలంటే "కామన్ డేటా సెట్" అనే పత్రాన్ని వారి వెబ్‌సైటులో వెతకండి. సి2 అనే భాగంలో వెయిట్‌లిస్టులో చోటు ఇచ్చినవారు ఎందరు, సరేనన్నవారు ఎందరు, చివరకు పిలుపు అందుకున్నవారు ఎందరు అని మూడు అంకెలు ఉంటాయి. కొన్ని ఏళ్ళలో మూడో అంకె సున్నా కూడా కావచ్చు. నాలుగైదేళ్ళవి పక్కపక్కన పెట్టుకుని మీరూ మీవారూ కలిసి చూడండి. మా ఇంట్లో ఆశకు ఒక కొలత దొరికింది ఆ కాగితాల ముందే.

మే 1 లోపు వచ్చిన చోట డిపాజిట్ తప్పకుండా కట్టండి. ఒక చోట డిపాజిట్ కట్టి మరో చోట వెయిట్‌లిస్టులో ఉండడంలో తప్పేమీ లేదు. రెండు చోట్ల డిపాజిట్ కట్టి ఇద్దరికీ వస్తామని చెప్పడమే తప్పు. తరువాత పిలుపు వచ్చి అటు వెళ్తే, ఇక్కడ కట్టినది సాధారణంగా తిరిగి రాదు. డబ్బు గురించే ఇంకొక మాట చెప్పాలి. మొదటి విడత దరఖాస్తుల్లో కుటుంబ ఆదాయంతో పని లేదని చెప్పే విశ్వవిద్యాలయాల్లో కొన్ని, వెయిట్‌లిస్టు నుండి తీసుకునేటప్పుడు మాత్రం దానిని లెక్కలోకి తెచ్చుకుంటాయి. పిలుపు వచ్చాక జవాబు చెప్పడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది. మాకు జూన్ రెండో వారంలో పిలుపు వచ్చింది, ఆర్థిక సహాయం ఏమీ లేకుండా, మూడు రోజుల గడువుతో. ఆ మూడు రాత్రులూ భోజనాల బల్ల మీద బ్యాంకు కాగితాలు పరిచి కూర్చున్నాం. అబ్బాయి మా మొహాల వంక చూస్తూ ఉండేవాడు. చివరకు వద్దనుకున్నాం, వాడు ఇప్పుడు ఇక్కడే న్యూజెర్సీలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. వద్దనుకున్నందుకు నేను చింతించడం లేదు. ఏడాదికి ఎంత భరించగలమో ఏప్రిల్‌లోనే కూర్చుని తేల్చుకోనందుకు, ఆ భారం మూడు రోజుల పాటు పిల్లవాడి మీద వేసినందుకు మాత్రం ఈనాటికీ బాధపడుతున్నాను.

జవాబు 2
అట్లాంటా నుండి ఒక విద్యార్థిని, ఏప్రిల్ 12

ఆంటీ, నేను ఇప్పుడు కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాను. హైస్కూలు చివరి ఏడాదిలో నాకూ ఇదే జరిగింది. నాకు పిలుపు రాలేదు. జూలై మొదట్లో, ఈ ఏడాదికి జాబితా మూసివేశామని రెండు వాక్యాల ఈమెయిలు వచ్చింది.

ఆ రోజు నేను ఎక్కువ ఏడవలేదు. ఎక్కువ బాధపడింది అంతకుముందే, ఇంట్లో. గుడికి వెళ్ళినా, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, పెద్దవాళ్ళు నా సీటు సంగతి అడిగేవారు. నాన్నగారు "ఇంకా తేలలేదండీ" అనేవారు. అప్పటికే నేను ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో డిపాజిట్ కట్టేశాను, హాస్టల్ గదికి కూడా దరఖాస్తు చేసుకున్నాను. నన్ను కాపాడాలనే నాన్నగారు అలా అనేవారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆయన నోట ఆ మాట విన్నప్పుడల్లా నాకు వచ్చిన సీటు అసలు సీటే కాదన్నట్టు, అది బయటకు చెప్పుకోదగినది కాదన్నట్టు అనిపించేది. దయచేసి అమ్మమ్మగారికి, మీ అమ్మాయి యూటీ డాలస్‌లో చేరుతోందని స్పష్టంగా, సంతోషంగా చెప్పండి. చెల్లి వినేలా చెప్పండి. వెయిట్‌లిస్టు మాట అమ్మమ్మగారికి చెప్పనే అవసరం లేదు.

మే 1 దగ్గర పడేసరికి స్కూల్లో సీనియర్లందరూ తాము చేరబోయే కాలేజీ టీషర్టు వేసుకుని వెళ్ళే రోజు ఒకటి ఉంటుంది. నేను ఆ రోజు మామూలు బూడిదరంగు చొక్కా వేసుకుని వెళ్ళాను. లంచ్ దగ్గర అందరూ కలిసి ఫొటో తీసుకుంటుంటే లైబ్రరీలో కూర్చున్నాను. ఆ ఫొటోలో నేను లేను, ఇక ఎప్పటికీ ఉండను. చెల్లిని ఒకసారి క్యాంపస్‌కు తీసుకెళ్ళి, బలవంతం లేకుండా, తనకు నచ్చితేనే ఒక టీషర్టు కొనిపెట్టండి.

పోర్టల్ విషయంలో నాకు పనికొచ్చిన ఉపాయం ఒక్కటే: పాస్‌వర్డు మార్చి అమ్మ చేతికి ఇచ్చాను. పిలుపు వస్తే ఈమెయిలో ఫోనో వస్తుంది, పోర్టల్ చూడనందువల్ల పోయేదేమీ ఉండదు. మీరే లాక్కోకండి, తనే ఇచ్చేదాకా ఆగండి.

జవాబు 3
హ్యూస్టన్ నుండి, హైస్కూలు కౌన్సెలింగ్ విభాగంలో పనిచేసే ఒకరు, ఏప్రిల్ 13

మీ అమ్మాయి రాయగల ఉత్తరం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కనుక నేను చెప్తాను. మొదట పోర్టల్‌లో "కొనసాగుతాను" అన్న చోట గడువులోగా నొక్కారో లేదో చూసుకోండి. దానంతట అది జరగదు, ఏటా ఒకరిద్దరు పిల్లలు అక్కడే పోగొట్టుకుంటారు. తరువాత ఆ విశ్వవిద్యాలయం పంపిన సూచనలు అక్షరం అక్షరం చదవండి. కొన్ని చోట్ల ఉత్తరాలేవీ పంపవద్దని రాస్తారు. వద్దంటే పంపకూడదు, అంతే. పంపవచ్చంటే మీ అమ్మాయి స్వయంగా, ఒక పేజీకి మించకుండా రాయాలి. దానిని ఇక్కడ లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంటరెస్ట్, అంటే ఆసక్తి ఇంకా ఉందని తెలిపే ఉత్తరం, అంటారు.

అందులో ఉండవలసింది జనవరి తరువాత జరిగినది: కొత్త మార్కులు, పూర్తి చేసిన ప్రాజెక్టు, దొరికిన బాధ్యత. దరఖాస్తులో ఇప్పటికే రాసినది తిరగరాస్తే చదివేవారికి తెలిసిపోతుంది. ఎందుకు అక్కడే చదవాలనుకుంటోందో, ఏ కోర్సు, ఏ ప్రయోగశాల అన్నది రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. పిలిస్తే తప్పక వస్తానన్న మాట చాలా బరువైనది. అది నిజమైతేనే, పైన ఎడిసన్ నుండి రాసినవారు చెప్పినట్టు డబ్బు లెక్క తేలాకనే రాయాలి. నొచ్చుకున్నట్టు గానీ, తనకు అన్యాయం జరిగినట్టు గానీ ఒక్క మాట కూడా దొర్లకూడదు. ఒక్కసారి పంపితే చాలు. స్కూల్లోని కౌన్సెలర్‌ను కలిసి, తాజా మార్కులు పంపమని, వీలైతే ఒక మాట రాయమని అడగండి. తెలిసిన పూర్వ విద్యార్థుల ఉత్తరాలు, బహుమతులు, తల్లిదండ్రుల ఫోన్లు పిల్లకు మేలు చేయగా నేను చూడలేదు. కన్సల్టెంటు విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: ఎక్కడ ఖాళీ పడుతుందో మే నెల దాకా విశ్వవిద్యాలయానికే తెలియనప్పుడు, ఆ ఖాళీని అమ్మగలిగేవారు బయట ఎవరూ ఉండరు.

చివరి పరీక్షలను తేలికగా తీసుకోనివ్వకండి. వెయిట్‌లిస్టులో పిలుపు వచ్చినా రాకపోయినా, తుది మార్కుల పత్రం చేరబోయే చోటికి వెళ్తుంది.

జవాబు 4
బోస్టన్ నుండి ఒక పరిశోధక విద్యార్థి, ఏప్రిల్ 13

నేను అర్థశాస్త్రం చదువుతున్నాను. "ఎక్కడ చదివినా ఒకటే" అని మీ అమ్మాయికి చెప్పాలని ఉంటే, ఆ మాట అలాగే చెప్పకండి. చదివే పిల్ల, నిజం వెతికి పట్టుకుంటుంది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద పేరున్న చోట్ల సీటు వచ్చినా మరో చోట చేరిన పిల్లల సగటు సంపాదన ఏమీ తగ్గలేదని తేలింది. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం తేడా కనిపించింది. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన పరిశోధనలో ఒక భాగం అయితే సరిగ్గా ఈ వెయిట్‌లిస్టు పిల్లల మీదే చేసినది. ఐవీ లీగ్ అనే ఎనిమిది పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, వాటికి సమానమైన మరో నాలుగు విశ్వవిద్యాలయాల జాబితాల్లో ఉండి పిలుపు అందుకున్నవారిని, అందుకోనివారిని పోల్చారు. సగటు సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అత్యధికంగా సంపాదించే ఒక్క శాతంలోకి చేరడంలో, పేరున్న పైచదువులకు వెళ్ళడంలో పిలుపు అందుకున్నవారికి మేలు జరిగింది. అంటే మీ అమ్మాయి కోరుకున్నది విలువ లేనిది కాదు, ఆమె బాధ అనవసరమైనదీ కాదు.

కానీ అదే పరిశోధనలో నాకు ముఖ్యమనిపించినది వేరే ఉంది. ఒక చోట వెయిట్‌లిస్టు నుండి పిలుపు అందుకున్నవారికి, అందుకోనివారికి మధ్య, అటువంటి ఇతర విశ్వవిద్యాలయాలు ఇచ్చిన సీట్లలో తేడా కనిపించలేదు. పిలుపు వచ్చినవారు మరింత గొప్పవారనడానికి ఆధారం లేదు. ఆ ఏడాది ఆ చోటికి ఏం కావలసి వచ్చిందో దానిని బట్టి జరిగిపోయింది. ఈ ఒక్క సంగతి మీ అమ్మాయి చేత చదివించండి.

ప్రశ్న అడిగినవారి మాట
ఫ్రిస్కో నుండి, మే 2

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆ మూడు అంకెల కాగితాలు ఐదేళ్ళవి తీసి మావారి ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఇది ర్యాంకు కాదు" అని ఒక్క మాట అన్నారు. ఆ తరువాత కన్సల్టెంటు ఊసు ఎత్తలేదు. ఎంత భరించగలమో కూడా ముగ్గురం కూర్చుని ఒక అంకె రాసుకున్నాం. ఉత్తరం అమ్మాయే రాసుకుంది, పిలిస్తే తప్పక వస్తానన్న వాక్యాన్ని ఆ అంకె చూశాక తనే కొట్టేసింది.

యూటీ డాలస్‌లో డిపాజిట్ కట్టాం. అమ్మకు వీడియో కాల్‌లో ఆ మాట చెప్తే, "ఇంటికి దగ్గరేనా? శని ఆదివారాలు వచ్చి అన్నం తింటుందా?" అని అడిగింది. ఆమెకు కావలసింది ఇంతేనని తెలియక ఇన్నాళ్ళు భయపడ్డాం. తలుపు తెరుచుకుని పిల్ల వచ్చి, అరగంటలో వచ్చేస్తానని తనే చెప్పింది.

నిన్న స్కూలుకు యూటీ డాలస్ నారింజ రంగు టీషర్టు వేసుకుని వెళ్ళింది. వేసుకోమని మేము అడగలేదు. పాస్‌వర్డు ఇంకా తన దగ్గరే ఉంది, అడగకుండా ఆగుతున్నాను.