అంగుళం కూడా లేని తూనీగ, పక్కనే ఇంకో రంగుది: ఇవి ఏ జాతి?

కొలంబస్_సుబ్బు: మొన్న ఎండగా ఉందని ఒహాయోలో అర్బానా దగ్గరున్న సీడర్ బాగ్ అనే చిత్తడి నేలకి వెళ్ళాం. చెక్కబాట పక్కన మోకాలెత్తు గడ్డి మీద రెండు బుల్లి తూనీగలు. ఒకటి లేత నీలం. రెండోదానికి నలుపు మీద పసుపు చారలు, రెక్కల మొదట్లో తేనెరంగు, దాన్ని కందిరీగ అనుకుని మా పాప చెయ్యి వెనక్కి లాగేశా. నీలంది బ్లూ డాషర్ అనే తూనీగేనా? రెండోది ఏంటి?

తూనీగల_బాబాయ్: బ్లూ డాషర్ కాదండి, దాని కళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి, సైజూ ఇంతకన్నా బాగా పెద్దది. మీరు చూసింది ఎల్ఫిన్ స్కిమ్మర్, శాస్త్రీయ నామం నానోథెమిస్ బెల్లా, ఉత్తర అమెరికా తూనీగల్లో అన్నిటికన్నా చిన్నది. పొడవు 20 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. ఇక ఆ రెండూ ఒకే జాతి! చారలది ఆడది, కందిరీగలా కనపడడమే దానికి రక్షణ. మగది మొదట నల్లగానే ఉంటుంది, ముదిరేకొద్దీ విభూతి పూసుకున్నట్టు బూడిద నీలం పొడి కమ్ముతుంది. కాబట్టి అక్కడే నల్లవి కనిపించినా మూడో జాతి అనుకోకండి.

జెర్సీ_పద్మ: మా న్యూజెర్సీ పైన్ బ్యారెన్స్ అడవుల్లో కూడా ఉన్నాయి ఇవి, పురుగుల్ని తినే పిచర్ మొక్కలు పెరిగే నాచు నేలల్లో. తమాషా ఏంటంటే మా దగ్గర నీళ్ళు ఆమ్లం, సీడర్ బాగ్‌లోనేమో సున్నపురాతి కంకరలోంచి ఊరే చల్లటి నీళ్ళు, అయినా రెండు చోట్లా ఇదే తూనీగ. దానికి కావాల్సింది చేపలు తిరగలేనంత లోతులేని నీటి మడుగులు, పైన ఎండ. పొదలూ చెట్లూ పెరిగి నీడ కమ్మేసిందా, ఇక ఉండదు.

కొలంబస్_సుబ్బు: థాంక్యూ ఇద్దరికీ. గడ్డిలోకి దిగి దగ్గర్నుంచి ఫోటో తీయొచ్చా?

తూనీగల_బాబాయ్: అస్సలు వద్దండి. పిల్ల పురుగులు ఉండేది ఆ కాస్త నీళ్ళలోనే, ఒక్క అడుగు పడితే నలిగిపోతాయి. పైగా ఒహాయోలో ఇది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. బాట మీదే కూర్చోండి, ఇవి ఎక్కువ దూరం ఎగరవు, లేచినా మళ్ళీ ఆ దగ్గర్లోనే వాలతాయి. మాక్రో లెన్స్ ఉంటే చాలు.