పార్వో (కుక్కపిల్లలకొచ్చే అంటు వైరస్ జబ్బు) వార్డు స్టాఫ్ మొద్దుబారిపోతున్నారు, ఏం మార్చాలి?

యలహంక షెల్టర్: కుక్కపిల్లలు వరసగా పోతుంటే మావాళ్లు మాటామంతీ మానేశారు. సెలవిచ్చినా తేరుకోవట్లేదండీ.

వెట్ నర్సు: తిరిగొస్తే అదే వార్డు కదా, సెలవేం చేస్తుంది? డ్యూటీ చార్ట్ మార్చండి. పార్వో, యూథనేషియా (బతకని కుక్కకి బాధ లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్) డ్యూటీలు ఒకరికే వరసగా వేయొద్దు. సీసాతో పాలు పట్టి పెంచినవాళ్లని ఆ పిల్ల యూథనేషియాకి పిలవకండి. ఇంజెక్షన్ అయ్యాక పది నిమిషాలైనా ఆగి తర్వాతి కేసు. మనసు మళ్లుతుందని పార్వో వార్డు నుంచి నేరుగా జబ్బులేని కుక్కల దగ్గరికి పంపకండి! వైరస్ చెప్పులతోనే వెళ్తుంది. స్నానం, బట్టలు, చెప్పులు మారాకే.

హెచ్చార్: పనివల్ల మనసు ఎంత అలసిందో చూసే ప్రోక్వాల్ (ProQOL) ప్రశ్నావళి ఉచితం, 30 ప్రశ్నలు. మార్కులు మేనేజర్ చూడకూడదు. చూస్తారంటే అందరూ బాగున్నామనే రాస్తారు.

వెట్ నర్సు: చచ్చిపోవాలన్న మాట వినిపిస్తే ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. యూథనేషియా మందుల బీరువా ఒక్కరే తెరవలేకుండా రెండు తాళాలు, ఇద్దరి దగ్గర.