గ్వాడలూపే మాత చిత్రాలపై ఒక సందేహం

మెక్సికన్ అమెరికన్ చిత్రకారిణులపై వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవారు సాయం చేయగలరు. 1966లో సీజర్ చావెజ్ నాయకత్వాన వ్యవసాయ కూలీలు కాలిఫోర్నియాలోని డెలానో నుంచి శాక్రమెంటోకు నడిచినప్పుడు మెక్సికన్ క్యాథలిక్కులు కొలిచే మేరీమాత రూపమైన గ్వాడలూపే మాత పతాకాన్ని పట్టుకుని నడిచారు. ఆ మాత రూపాన్నే 1978లో యోలాండా లోపెజ్ తన స్వీయచిత్రంగా మలచుకుని, పరుగు బూట్లతో, ఒక చేత పామును, మరో చేత చుక్కల వస్త్రాన్ని పట్టుకుని ముందుకు దూకుతున్నట్టు గీశారు. కాలి కింది దేవదూత రెక్కలకు అమెరికా జెండా రంగులు వేయడం నాకు అన్నిటికంటే పదునైన వ్యాఖ్యగా తోచింది. ఇదే మాతను చూపిన ఆల్మా లోపెజ్ చిత్రంపై 2001లో అమెరికాలోని శాంటా ఫేలో రేగిన నిరసనల సంగతి చాలానే దొరుకుతోంది. నాకు కావలసింది వేరు: చికానో ఉద్యమం (మెక్సికన్ అమెరికన్ల హక్కుల పోరాటం)లోని పురుషులు, ముఖ్యంగా తోటి కళాకారులు, 1970లలో ఇలాంటి చిత్రకారిణుల చిత్రాలను ఎలా స్వీకరించారో తెలిపే ఆనాటి సమీక్షలు గానీ ఇంటర్వ్యూలు గానీ ఎక్కడ దొరుకుతాయి? స్పానిష్‌లో ఉన్నా ఫర్వాలేదు, తంటాలు పడి చదువుకుంటాను.