మాట చెవిన పడగానే అపోహ: ఎక్కడ పట్టుకోవాలి?

మా ఆవిడ ముక్తసరిగా "ఊఁ" అంటే చాలు, నన్ను లెక్కచేయట్లేదని మనసు తీర్మానించేస్తుంది. బుద్ధుడి బోధల సంకలనం మజ్ఝిమ నికాయంలోని మధుపిండిక సుత్తం చెప్పే వరస తెలుసు: స్పర్శ (మాట చెవిన పడటం లాంటిది), వేదన (అది హాయిగానో కష్టంగానో అనిపించడం), సంజ్ఞ (దాన్ని ఫలానా అని గుర్తుపట్టడం), వితర్కం (దాని గురించి ఆలోచన), ఆపైన మనసు అల్లే కథలు. తెలిసి ఏం లాభం, నేను గమనించేసరికే కథ పూర్తయిపోతుంది! పొద్దున్నే ఆనాపానసతి (ఊపిరిని గమనించే ధ్యానం) చేస్తున్నాను, ఆ నెమ్మది సాయంత్రానికి మిగలదు. అప్పటికప్పుడు ఊపిరి గమనిస్తూ మౌనంగా ఉంటే అలిగాననుకుంటుంది. "నీ ఉద్దేశం ఇదేనా?" అని అడిగితే నిలదీసినట్టుంటోంది. పిల్లలు మా ఇద్దరి మొహాలూ చూస్తున్నారు, అసలు టెన్షన్ అదే.

ఇంట్లో సాధన చేసేవాళ్లు చెప్పండి: మాటల మధ్యలో, వేదన సంజ్ఞగా మారేలోపే దాన్ని పట్టుకోవడానికి మీరేం చేస్తారు?