రోమా 15:7లో ‘చేర్చుకొనుడి’కి గ్రీకులో ఏ మాట ఉంది?

కావలి కోడలు:
అందరికీ వందనాలు. గురువారం స్త్రీల కూడికలో రోమా 15:7 మీద నేనే చెప్పాలి. ‘ఒకనినొకడు చేర్చుకొనుడి’ అని చదివినప్పుడల్లా నాకు బళ్ళో చేర్చుకోవడం, హాస్టల్లో చేర్చుకోవడమే గుర్తొస్తుంది. మా అమ్మాయి ఇంగ్లీషు బైబిల్లో ‘వెల్‌కమ్’ అని ఉంది. మరి మనకీ ‘స్వాగతించుడి’ అని ఉండాలి కదా?

అడగడానికి కారణం ఉంది. మా కూడికకి కొత్తగా ఒకావిడ మూడు వారాలు వచ్చింది. గడప దగ్గర, చెప్పుల పక్కన, చాప కొసన కూర్చునేది. అందరం ‘వందనాలమ్మా’ అన్నాం, నవ్వాం, ఎవరిళ్ళకి వాళ్ళం పోయాం. నాలుగో వారం ఆవిడ రాలేదు. స్వాగతమైతే పలికాం మరి!

పాత నోట్‌బుక్:
అక్కా, అక్కడున్న క్రియ ‘ప్రోస్‌లంబానో’. ‘ప్రోస్’ అంటే దగ్గరికి, ‘లంబానో’ అంటే తీసుకోవడం. కొత్త నిబంధనలో ఇది వచ్చిన 12 చోట్లా మన సంస్కృతం మేష్టార్లు చెప్పే ఆత్మనేపదం లాంటి రూపంలోనే ఉంది, అంటే చేసే పని చేసేవాడికే చెందే రూపం. తెలుగులో ఆ పని ‘కొను’ చేస్తుంది. మీ బడి ఉదాహరణే చూడండి. పిల్లని చేర్చేది మీరు, చేర్చుకునేది హెడ్‌మాస్టరు. ఆ పూట నుంచి పిల్ల ఆయన పూచీ. నన్నడిగితే మన బైబిలు మాటే గట్టిది. స్వాగతం గుమ్మంలో నిలబడి కూడా చెప్పొచ్చు.

గోదారి గట్టు:
‘కొను’ బావుంది గానీ అన్నా, మాటని విడగొట్టి మరీ పిండకండి. అపొస్తలుల కార్యములు 17:5లో అల్లరి చేయడానికి పనీపాటా లేని దుష్టుల్ని ‘వెంటబెట్టుకొని’ వెళ్ళారే, అదీ ఇదే క్రియ. పేతురు యేసును పక్కకి తీసుకెళ్ళి గద్దించాడే, అక్కడా ఇదే. ఎవర్ని, దేనికి దగ్గరికి తీశారో చూడాలి.

నాకు నచ్చేది అదే పుస్తకంలో, అపొస్తలుల కార్యములు 28:2. ఓడ బద్దలై 276 మంది తడిసి ముద్దై ఒడ్డుకొచ్చారు, వాళ్ళలో ఖైదీలూ ఉన్నారు. వాన, చలి. మెలితే ద్వీపంవాళ్ళు నిప్పు రాజేసి అందరినీ ‘చేర్చుకొనిరి’. ముందు మంట, తర్వాతే మాటలు.

మూడో బెంచీ:
రోమా 14:1తో కలిపి చదవండి. రోమాలో గొడవ తిండి మీద. ఒకరు అన్నీ తింటారు, ఇంకొకరు కూరగాయలే. చేర్చుకోమన్న నోటితోనే వాదాలు పెట్టుకోవద్దంటాడు పౌలు. మనం దగ్గరికి తీసేదే సరిచేయడానికి! ఆతిథ్యానికి మాట వేరు, ‘ఫిలోక్సేనియా’, 12:13లో ఉంది. రెండూ కలిపేయకండి.

కావలి కోడలు:
హెడ్‌మాస్టరు ముక్క, మంట ముక్క రాసుకున్నాను. ఇంతకీ ఆవిడ ఇల్లు ఏ సందులోనో మాలో ఒక్కరికీ తెలీదు. పేరు కూడా సగమే గుర్తు. పొద్దున పాలావిడని అడిగితే చెరువు వైపు అంది, సాయంత్రం వెళ్ళొస్తాను.